లెక్కకు అందని ఇళ్లు

కలపకు కోర్టు ఆంక్షలు, ఇసుకకు కోత, సిమెంటు ఓడ మీద రావాల్సిందే. అండమాన్‌లోని హోప్ టౌన్‌లో ఇళ్ల నిర్మాణం తగ్గిందా, పెరిగిందా అన్న చిన్న ప్రశ్నకు జవాబు వెతకబోతే దేశంలోని గృహ గణాంకాల డొల్లతనమంతా బయటపడుతుంది.

ఆ ఊరి పరిసరాలను మనలో చాలామంది చూసే ఉంటాం, తెలియకుండానే. 2001లో చలామణిలోకి వచ్చిన ఎర్రటి 20 రూపాయల నోటు వెనక కొబ్బరి చెట్ల నడుమ కనిపించే కొండ పేరు మౌంట్ హారియట్. 2021లో దానికి మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. ఆ కొండ పాదం దగ్గర, సముద్రపు పాయ ఒడ్డున ఉంటుంది హోప్ టౌన్. 1872 ఫిబ్రవరి 8 సాయంత్రం కొండ దిగి పడవ ఎక్కబోతున్న వైస్రాయ్ లార్డ్ మేయోను షేర్ అలీ అఫ్రిదీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపింది ఇక్కడి జెట్టీ దగ్గరే. చరిత్ర పుస్తకాల్లో ఈ ఊరికి దక్కిన చోటు అంతవరకే.

ఇప్పుడది దక్షిణ అండమాన్ జిల్లా ఫెరార్‌గంజ్ తహశీల్‌లో ఒక గ్రామం. పాయకు అవతలి ఒడ్డున రాజధాని పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో కేంద్రం దాని పేరును శ్రీ విజయపురంగా మార్చింది. పక్కనే ఉన్న బాంబూఫ్లాట్ నుంచి చాతం జెట్టీకి ఫెర్రీ ఎక్కితే కాసేపట్లో నగరంలో దిగొచ్చు. అదే రోడ్డు మీద వెళ్లాలంటే పాయ చుట్టూ తిరిగి రావాలి. నగరంలో చోటు చాలనివారు పాయ దాటి ఇటు చూడడం సహజం. ఇలాంటి ఊళ్లోనే ఇళ్లకు గిరాకీ ఎంత, కొత్తగా కడుతున్నవి ఎన్ని అన్న ప్రశ్నకు విలువ ఎక్కువ.

ఏ విశాఖ నుంచో ఓ విద్యార్థి ఇదే అంశాన్ని ప్రాజెక్టుగా తీసుకున్నాడనుకుందాం. విశాఖ అనడానికి కారణం ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మందికి పైగా తెలుగు మాతృభాషగా ఉన్నవారే. వారిలో ఎక్కువమంది మూలాలు ఉత్తరాంధ్ర తీరంలోనే ఉన్నాయి. చేపల వేటకో, కూలి పనికో ఓడెక్కి వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలవి. కాబట్టి ఇది ఎక్కడో దూరపు దీవి గొడవ కాదు.

కుటుంబాలు వేరు, ఇళ్లు వేరు

మొదట చేతికందేది జనాభా లెక్కలు. ప్రతి గ్రామానికీ కుటుంబాలెన్ని, జనమెందరు అనే పట్టిక ఉంటుంది. హోప్ టౌన్‌కూ ఉంటుంది. తొలి తప్పటడుగు పడేది ఇక్కడే. కుటుంబాల సంఖ్యను ఇళ్ల సంఖ్యగా తీసుకుంటారు. జనాభా లెక్కల భాషలో కుటుంబమంటే ఒకే వంటగది మీద బతికేవారు. ఇల్లంటే విడిగా ప్రధాన ద్వారం ఉన్న కట్టడం లేదా కట్టడంలో ఒక భాగం. దుకాణం, గోదాము, బడి కూడా ఈ నిర్వచనం కింద 'ఇల్లే'. 2011 లెక్కల్లో దేశవ్యాప్తంగా తేలిన ఇళ్లు 33 కోట్లకు పైగా. కుటుంబాలు 24.67 కోట్లు. ఖాళీగా ఉన్న ఇళ్లు దాదాపు 2.46 కోట్లు. పైపైన చూస్తే దేశంలో ఇళ్లకు కొరతే లేదనిపిస్తుంది. అయితే ఆ మరుసటి ఏడాదే కేంద్రం నియమించిన అమితాబ్ కుందూ సాంకేతిక బృందం ఒక్క పట్టణాల్లోనే 1.87 కోట్ల ఇళ్ల కొరత ఉందని తేల్చింది. ఇరుకు ఇళ్లలో సర్దుకుంటున్నవారిని, శిథిలమైన కట్టడాల్లో ఉంటున్నవారిని కూడా ఆ బృందం కొరత కిందే లెక్కించింది. రెండు అంకెలూ నిజమే. అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

ఇళ్ల జాబితా దశలో సేకరించిన వివరాలు ఇంకాస్త లోతుగా ఉంటాయి. గోడలు దేనితో కట్టారు, పైకప్పు రేకులా, కాంక్రీటా, సొంతిల్లా, అద్దెదా, గదులెన్ని, ఇల్లు బాగుందా, శిథిలమైందా అన్నవన్నీ అడిగారు. గ్రామాల స్థాయిలో ఇవి శాతాల్లో దొరుకుతాయి. చిక్కల్లా కాలంతోనే. ఆ జాబితా తయారైంది 2010లో. 2021లో జరగాల్సిన లెక్కలు కోవిడ్‌తో వాయిదా పడ్డాయి. చివరికి 2025 జూన్ 16న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. మంచు ప్రాంతాలు మినహా దేశమంతటికీ 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. అంటే హోప్ టౌన్ ఇళ్ల గురించి పూర్తిస్థాయి లెక్కకూ తర్వాతి లెక్కకూ మధ్య పదిహేనేళ్లకు మించిన అగాధం. ఆ మధ్యలో నిర్మాణం ఎప్పుడు పుంజుకుంది, ఎప్పుడు చతికిలబడింది అన్నది ఈ రెండు కొసలను చూసి చెప్పలేం.

వెనక్కి వెళ్లినా మరో గొయ్యి ఉంది. 2001లో దక్షిణ అండమాన్ అనే జిల్లా లేదు. పాత అండమాన్ జిల్లాను 2006లో రెండుగా చీల్చారు. జిల్లా అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోకపోతే లేని పతనం కనిపిస్తుంది.

కలప పోయింది, ఇసుక తగ్గింది

నిర్మాణం తగ్గిందనడానికి అంకెలు కరవైనా, తగ్గడానికి కారణాలు మాత్రం కళ్లెదుటే ఉన్నాయి. అండమాన్ ఇల్లంటే ఒకప్పుడు చెక్క ఇల్లే. కర్ర స్తంభాలు, పలక గోడలు, పైన రేకులు. చాతం దీవిలో 1883 నుంచి నడుస్తున్న ప్రభుత్వ రంపపు మిల్లు ఆ రోజుల గుర్తు. 2001 అక్టోబరులో సుప్రీంకోర్టు దీవుల్లో సహజంగా పెరిగిన చెట్ల నరికివేతను ఆపేసింది. కోర్టు నియమించిన శేఖర్ సింగ్ కమిషన్ 2002 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. దాని సిఫార్సుల ఆధారంగా అదే ఏడాది మే 7న కోర్టు తుది ఆదేశాలు జారీ చేసింది. కలప ఇకపై స్థానికుల సొంత అవసరాలకే పరిమితం. అడవి దక్కాలంటే మరో దారి లేదన్నది కమిషన్ వాదన.

కలప లేకపోతే కాంక్రీటు. కాంక్రీటుకు ఇసుక కావాలి. దీవుల్లో పెద్ద నదులు లేవు. ఇసుక తవ్వాలంటే బీచ్‌ల మీద పడాల్సిందే. తాబేళ్లు గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే, తీరాన్ని అలల కోత నుంచి కాచేదీ అదే. అందుకే ఇసుక తవ్వకాన్నీ దశలవారీగా తగ్గించాలని అవే ఆదేశాల్లో కోర్టు చెప్పింది. ఏటా మిగిలినదానిలో కనీసం 20 శాతం చొప్పున కోత పెడుతూ పోవాలి. లెక్క వేసి చూస్తే మొదటి ఏడాది 100 ఉన్నది 80 అవుతుంది, తర్వాత 64, ఆపైన 51, 41, అయిదో ఏటికి 33. కోర్టు పెట్టిన లక్ష్యం కూడా సరిగ్గా 33 శాతమే. పర్యావరణం కోసం తీసుకున్న రెండు సరైన నిర్ణయాలు ఒకే ఏడాది ఇల్లు కట్టుకునేవాడి మీద రెండు వైపుల నుంచి పడ్డాయి. కలప వద్దంటే సిమెంటు వైపు మళ్లాడు. అటు మళ్లేసరికి ఇసుక దొరకలేదు. క్వారీ రాతిపొడితో సర్దుకోవడమో, సముద్రం దాటి తెప్పించుకోవడమో మిగిలింది. సిమెంటు, ఇనుము ఎలాగూ చెన్నై, కోల్‌కతా, విశాఖ వైపు నుంచి ఓడల మీదే రావాలి.

దీనికితోడు దీవులన్నీ అయిదో భూకంప మండలంలో ఉన్నాయి. చౌకగా కట్టి బయటపడదామంటే కుదరదు. హోప్ టౌన్ లాంటి ఒడ్డు గ్రామాలకు తీరప్రాంత నియంత్రణ నిబంధనలు అదనం. 1966 నాటి భూమి నియమావళి ప్రకారం దీవుల్లోని భూమి అంతా కేంద్ర ప్రభుత్వానిదే. పొలంలో ఇల్లు కట్టాలంటే భూ వినియోగ మార్పిడికి అనుమతి తెచ్చుకోవాలి. ఇన్ని గడపలు దాటి కట్టిన ఇల్లు ఎక్కడో ఒక కాగితం మీద నమోదై ఉంటుంది. అయితే ఆ కాగితాలన్నీ ఒకే చోట ఉండవు.

సునామీ మార్చిన లెక్క

2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ లెక్కలను మరింత చిక్కుపరిచింది. భూకంపంతో దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు మేర కుంగింది. లోతట్టు పొలాల్లోకి పోటు నీరు చేరి కొన్ని శాశ్వతంగా ఉప్పు మడుగులయ్యాయి. ఇళ్లు కోల్పోయినవారిని ముందు రేకుల షెడ్లలో పెట్టారు. ఆ తర్వాత పదివేలకు కాస్త తక్కువగా శాశ్వత గృహాలు కట్టించారు. వాటిలో అత్యధికం నికోబార్ దీవుల్లోనే. సామగ్రి అంతా ఓడల్లో తెచ్చి బిగించిన ఇళ్లవి.

పరిశోధకుడు జాగ్రత్తపడాల్సిన చోటిది. ఆ ఇళ్లు అదనంగా వచ్చినవి కావు, పోయినవాటి స్థానంలో వచ్చినవి. నికోబార్ జిల్లా జనాభా 2001లో 42,068 ఉంటే 2011 నాటికి 36,842కు పడిపోయింది. మొత్తం దీవుల జనాభా మాత్రం 3,56,152 నుంచి 3,80,581కి పెరిగింది. అంటే పదేళ్లలో పెరుగుదల 6.86 శాతమే. అంతకుముందు పదేళ్లలో అది 26.9 శాతం. 2005 తర్వాతి కొన్నేళ్లలో నిర్మాణం ఒక్కసారిగా ఉవ్వెత్తున లేచింది. పునరావాస పథకం ముగిశాక సహజంగానే దిగింది. పథకం జోరు మీదున్న ఏడాదిని ప్రాతిపదికగా తీసుకుని గీత గీస్తే ఆ తర్వాత పాతాళానికి జారినట్టు కనిపిస్తుంది. 2003ను ప్రాతిపదికగా తీసుకుంటే కథ వేరు. నిర్మాణం పడిపోయిందని ఎవరైనా చెబితే ముందు అడగాల్సింది ఏ ఏడాదితో పోల్చారని.

సూచీలు ఆగిపోయే చోటు

అమెరికాలో ఇలాంటి ప్రశ్నకు జవాబు ప్రతినెలా వస్తుంది. అనుమతులు పొందిన ఇళ్లెన్ని, పునాది పడినవెన్ని, పూర్తయినవెన్ని అని మూడు విడి లెక్కలు ప్రభుత్వమే ప్రకటిస్తుంది. 2006 జనవరిలో వార్షిక లెక్కన 22 లక్షలు దాటిన కొత్త నిర్మాణాలు 2009 ఏప్రిల్ నాటికి 5 లక్షల లోపుకు కూలిపోయాయి. బ్యాంకులు కుప్పకూలకముందే ఆ జారుడు అంకెల్లో కనిపించింది.

మన దగ్గర జాతీయ భవన నిర్మాణ సంస్థ 1954 నుంచీ ఉంది. నిర్మాణాల ఆరంభానికి ఒక సూచీ తయారు చేయడంపై 2009లో రిజర్వ్ బ్యాంకుకు నిపుణుల బృందం నివేదిక కూడా ఇచ్చింది. అయినా ఊరూరా నెలనెలా నమ్మదగ్గ లెక్క వచ్చే దశకు చేరలేదు. జాతీయ హౌసింగ్ బ్యాంక్ 2007లో మొదలుపెట్టిన రెసిడెక్స్ 50 నగరాలకు విస్తరించింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అందులో ఉన్నాయి, పోర్ట్ బ్లెయిర్ లేదు. రిజర్వ్ బ్యాంకు ఇళ్ల ధరల సూచీ చాలా ఏళ్లపాటు పది నగరాలకే పరిమితమైంది. అందులో హైదరాబాద్‌కే చోటు లేకపోయింది. పైగా ఇవి ధరల సూచీలు. ఎన్ని ఇళ్లు కట్టారో చెప్పవు.

2016లో వచ్చిన రెరా చట్టం ఒక ఆశ. ఆసక్తికరమైన సంగతేమిటంటే అండమాన్ ప్రాజెక్టుల బాధ్యత తమిళనాడు రెరాదే. దీవుల నిర్మాణ సమాచారం కోసం చెన్నై తలుపు తట్టాలని కొత్త పరిశోధకుడికి తోచదు. తట్టినా హోప్ టౌన్‌కు ఒరిగేది తక్కువే. 500 చదరపు మీటర్లు మించని స్థలంలోని ప్రాజెక్టులకు, ఎనిమిది ఫ్లాట్లకు మించనివాటికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సొంతంగా కట్టుకునే ఇల్లు అసలు ఆ పరిధిలోకే రాదు. ఊళ్లలో లేచేవి ఎక్కువగా అలాంటి ఇళ్లే.

జాతీయ నమూనా సర్వే సంగతీ అంతే. 2018 జులై నుంచి డిసెంబరు దాకా జరిగిన 76వ విడత సర్వే ఇళ్ల స్థితిగతుల మీదే. దేశమంతటా జరిపామంటూనే, చేరుకోవడం కష్టమైన అండమాన్ నికోబార్ గ్రామాలను మినహాయించామని ఆ సర్వే విధానంలో స్పష్టంగా రాసి ఉంది. హోప్ టౌన్ దారి దొరకని ఊరు కాదు. కానీ సర్వే అంకె మొత్తం కేంద్రపాలిత ప్రాంతానికి పనికొస్తుంది తప్ప ఒక గ్రామానికి కాదు.

మన గట్టు మీదా ఇదే తంతు

ఇది దీవులకే పట్టిన జాడ్యమనుకుంటే పొరపాటు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక దొరక్క నిర్మాణాలు నిలిచిపోయాయి. సెప్టెంబరు 5 నుంచి కొత్త ఇసుక విధానం అమల్లోకి వచ్చింది. కృష్ణా, గోదావరి వరదల వల్లే తవ్వకాలు ఆగాయని ప్రభుత్వం, విధానమే లోపమని ప్రతిపక్షాలు వాదించుకున్నాయి. పనుల్లేక భవన నిర్మాణ కార్మికులు రోడ్డెక్కారు. నవంబరు 3న విశాఖలో పవన్ కల్యాణ్ లాంగ్ మార్చ్ జరిపారు. ఇంత జరిగినా పునాది దశలో ఎన్ని ఇళ్లు ఆగాయి, శ్లాబు దగ్గర ఎన్ని ఆగాయి అన్న లెక్క ముందు పెట్టుకుని సాగిన చర్చ కాదది.

2020 డిసెంబరు 25న అదే రాష్ట్రంలో 30 లక్షలకు పైగా ఇళ్ల స్థలాల పట్టాల పంపిణీ మొదలైంది. పట్టా ఒక అంకె, మంజూరైన ఇల్లు ఇంకో అంకె, పునాది పడింది మరొకటి, గృహప్రవేశమైంది వేరొకటి. అధికారంలో ఉన్నవారు మొదటి అంకె చెబుతారు. ప్రతిపక్షం చివరి అంకె అడుగుతుంది. మధ్యలోని రెండింటినీ వెతికి పట్టుకోవడమే పరిశోధకుడి పని.

దారులు లేకపోలేదు

మరి హోప్ టౌన్ ప్రాజెక్టు చేతికెత్తుకున్న విద్యార్థి ఏం చేయాలి? నేరుగా దొరకని దాన్ని పక్కదారుల్లో పట్టుకోవాలి. దీవి కావడం ఇక్కడ ఓ విధంగా మేలే. మైదానంలో సిమెంటు లారీ ఏ రోడ్డు మీద ఎటు పోయిందో తెలియదు. దీవికి వచ్చే బస్తా రేవు దాటకుండా రాలేదు. పోర్ట్ మేనేజ్‌మెంట్ బోర్డు దగ్గరుండే సరకుల లెక్కల్లో ఏటా ఎంత సిమెంటు, ఎంత ఇనుము దిగిందో చూస్తే మొత్తం దీవుల నిర్మాణ నాడి తెలుస్తుంది. అందులో రోడ్లకు, రక్షణ శాఖ పనులకు పోయింది తీసేయడం కష్టం కాబట్టి దాన్ని పైకప్పు అంకెగానే చూడాలి.

రెండోది కరెంటు. దీవుల విద్యుత్ శాఖ చార్జీల సవరణ కోసం సంయుక్త విద్యుత్ నియంత్రణ మండలికి పిటిషన్లు వేస్తుంటుంది. గృహ వినియోగదారులు ఎందరన్నది వాటిలో ఉంటుంది. కొత్త ఇంట్లో దీపం వెలగాలంటే కనెక్షన్ తప్పదు. సబ్‌డివిజన్ల వారీ వివరాలను సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. మూడోది కార్మిక సంక్షేమ సుంకం. 1996 నాటి చట్టం ప్రకారం నిర్మాణ వ్యయంపై ఒక శాతం సెస్సు కట్టాల్సి ఉండేది. ఆ చట్టం కింద పది లక్షల రూపాయల లోపు సొంతింటికి మినహాయింపు ఉండేది. సెస్సు వసూళ్లు పడిపోయాయంటే పెద్ద కట్టడాలు తగ్గాయనుకోవాలి, చిన్న ఇళ్ల సంగతి అది చెప్పదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకంలో ప్రతి దశకూ తీసిన ఫొటోలు, తేదీలు ఉంటాయి. సర్కారు సాయం పొందిన ఇళ్ల వరకు అవి పనికొస్తాయి. దీవుల గణాంక శాఖ వెలువరించే 'ఐలాండ్స్ ఎట్ ఎ గ్లాన్స్' వంటి ప్రచురణలు, పంచాయతీలో ఇచ్చిన అనుమతుల రిజిస్టరు, పాత కొత్త ఉపగ్రహ చిత్రాలు ఇంకొన్ని ఆధారాలు. చిత్రంలో కొత్త పైకప్పు కనిపిస్తుంది. పాత ఇంటి మీద వేసిన అంతస్తు కనిపించదు.

ఈ ఆధారాల్లో ఏ ఒక్కటీ చాలదు. కనీసం మూడు ఒకే దిక్కు చూపితే అప్పుడు తగ్గిందనో పెరిగిందనో చెప్పొచ్చు. సిమెంటు దిగుమతి తగ్గి, కనెక్షన్లు మాత్రం పెరుగుతుంటే కొత్త ఇళ్లు రావడం లేదు, ఉన్న ఇళ్లే వాటాలుగా విడిపోయి అద్దెకు వెళ్తున్నాయని అనుమానించాలి. అప్పుడు ఊళ్లోకి వెళ్లి నాలుగు వీధులు తిరిగి తలుపులు లెక్కపెట్టక తప్పదు.

ఎవరికి కావాలి ఈ లెక్క?

అందరికంటే ముందు, కాగితాల్లో లేనివారికి. 1978 తర్వాత అటవీ భూమిలోకి వచ్చినవారిని ఆక్రమణదారులుగా పరిగణించి తొలగించాలన్నది 2002 ఆదేశాల్లో ఓ భాగం. అలాంటి భూమిలో ఉన్న ఇంటికి అనుమతి ఉండదు, బ్యాంకు రుణం రాదు. నిర్మాణాల లెక్కలోకి అది ఎక్కదు. కానీ అందులో మనుషులుంటారు. అద్దె గదుల్లో బతికే వలస కూలీలదీ అదే పరిస్థితి. దీవుల్లో ఇళ్లు కట్టే మేస్త్రీలు, కూలీలే ఇళ్ల లెక్కల్లో కనిపించకుండా పోతారు. భూకంపం వస్తే ఏ గోడ కింద ఎందరున్నారో తెలియాలన్నా, కూలిన ఇంటికి పరిహారం ఇవ్వాలన్నా ముందు ఆ ఇల్లు ఉందని ఒక జాబితా చెప్పాలి.

ఇక ప్రణాళికలు వేసేవారికి. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి పొందిన గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు అక్కడి జనాభా కాలక్రమంలో మూడున్నర లక్షలకు చేరుతుందని అంచనా వేసుకుంది. 2011లో మొత్తం దీవుల జనాభా దాదాపు అంతే. అంత పెద్ద టౌన్‌షిప్‌కు కావాల్సిన సిమెంటు, ఇసుక, కూలీలు వచ్చేదీ ఈ ఓడల్లోనే. అప్పుడు హోప్ టౌన్‌లో రెండు గదుల ఇల్లు మొదలుపెట్టినవాడికి బస్తా ఏ ధరకు దొరుకుతుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలన్నా ఇప్పుడు ఏటా ఎన్ని ఇళ్లు లేస్తున్నాయో తెలిసి ఉండాలి.

కొత్త జనాభా లెక్కల ఇళ్ల జాబితా దశ 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య ఉంటుందని కేంద్రం ప్రకటించింది. తొలిసారి డిజిటల్ పద్ధతిలో జరిగే లెక్కలివి. గ్రామాల వారీ ఇళ్ల పట్టికలను సాధ్యమైనంత త్వరగా బయటపెడితే, వాటి పక్కన రేవు లెక్కలు, కరెంటు కనెక్షన్లు ఏటా చేర్చుకుంటూ పోతే మళ్లీ పదిహేనేళ్ల చీకటి ఉండదు. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్న రిజిస్టర్లను ఒకే బల్ల మీద పెట్టే అధికారి ఒకరుంటే చాలు.